ఆ రోజు ఇంట్లో ఎవరుంటారు

"నేనింట్లో ఉండుంటే ఇల్లు నిలిచేదమ్మా" అన్నాడు కెల్విన్, కొత్త ఇంటికి ప్లాను గీయడానికొచ్చిన అమ్మాయితో.

గ్లెనిస్ అప్పుడు కప్పుల్లో పాలు పోస్తోంది. చెయ్యి ఆగలేదు. ఆ మాట వినడం ఆమెకు మొదటిసారి కాదు. అత్తగారి అంత్యక్రియల నాడు చర్చి బయట విన్నది. బేకరీలో రొట్టె కోసం నిలబడ్డప్పుడు వెనక వరసలోంచి విన్నది. "పాపం, కెల్విన్ ఇంట్లో లేడు గానీ" అని ఎవరో అంటే, "అవును మరి" అని ఇంకెవరో అన్నారు. అందరూ జాలితోనే అన్నారు. ఎవరి మాటలోనూ విషం లేదు. విషం ఉంటే జవాబు చెప్పడం తేలికయ్యేది. కార్చిచ్చు వచ్చిన రోజు కెల్విన్ ఊరి అగ్నిమాపక దళం బండి మీద ఉన్నాడు. దళం కాపాడిన బడి నిలబడింది. ఇంట్లో గ్లెనిస్ ఉంది. ఇల్లు పోయింది. ఈ రెండూ పక్కపక్కన పెడితే మూడో మాట ఎవరికి వాళ్లే అనుకుంటారు, పైకి అనక్కర్లేదు.

ఇప్పుడు వాళ్లుంటున్నది ప్రభుత్వం వాళ్లు లారీ మీద తెచ్చి దింపిన రేకుల గది. మడత బల్ల, రెండు కుర్చీలు, ఒక మంచం. మూడో మనిషి వస్తే గ్లెనిస్ మంచం అంచున కూర్చుంటుంది. ఆ రోజు మూడో మనిషి టెస్. ముప్ఫై దాటిన అమ్మాయి. గిప్స్‌ల్యాండ్ కొండల్లో కాలిపోయిన ఊళ్లు తిరుగుతూ, నిప్పుకి ఓర్చుకునే ఇళ్లు గీస్తుంది. బూట్లకంటిన బూడిద లోపల పడుతుందని వాటిని గుమ్మం బయటే విప్పి, మేజోళ్లతో లోపలికొచ్చింది. అందుకే గ్లెనిస్‌కి ఆమె నచ్చింది.

"ఎక్కడ కడదామనుకుంటున్నారు?" అంది టెస్ కాగితం పరుస్తూ.

"పాత చోటే" అన్నాడు కెల్విన్. కిటికీలోంచి కొండ నెత్తి చూపించాడు. అక్కడ ఇటుకల పొగగొట్టం ఒక్కటే నిలబడి ఉంది. "వరండాలో కూర్చుంటే లోయంతా కనపడాలి. మా నాన్న ఏరి ఏరి పట్టిన చోటు."

"నెత్తి మీద కడితే మంట వాలెక్కి వస్తుందండీ. వాలెక్కే మంటకి కాళ్లెక్కువ. కొంచెం కిందికి, ఆ చదును పొలంలో..."

"మంట సంగతి నాకు చెప్తున్నావా తల్లీ?" అని నవ్వాడు కెల్విన్. "ఇరవై ఏళ్ల నుంచి దళానికి కెప్టెన్ని."

టెస్ కూడా నవ్వింది. ఇలాంటి నవ్వులు చాలా చూసిన మనిషిలా నవ్వి, సరే, నెత్తి మీదే అయితే ఎలా కట్టాలో చెప్పడం మొదలుపెట్టింది. నేలకి ఆనించి కాంక్రీటు పలక. కింద గాలి ఆడే జాగా ఉండకూడదు. చెక్క వరండా వద్దు. కిటికీలకు గట్టి అద్దం, దాని మీద ఇనుప తలుపులు. గోడా కప్పూ కలిసేచోట చీపురుపుల్ల దూరే సందు కూడా ఉండకూడదు. ఇళ్లని తగలబెట్టేది మంట కాదు, దానికి ముందూ వెనకా గంటల తరబడి వాన కురిసినట్టు కురిసే నిప్పురవ్వలు. ఒక్కటి దూరినా చాలు.

గ్లెనిస్ టీ అందించి మంచం మీద కూర్చుంది. రవ్వల సంగతి ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. వేసవికి ముందు, అక్టోబరు వచ్చిందంటే ఆమెకు ఇంకో ఉద్యోగం మొదలయ్యేది. పొద్దున బడి ఆఫీసులో ఒకటి, సాయంత్రం ఇది. ఇంటి చుట్టూ యూకలిప్టస్ చెట్లు బెరడును పేలికలు పేలికలుగా రాల్చేవి. అది పోగుచేసి దూరంగా మొయ్యాలి. కప్పు అంచున వాననీళ్లు జారే రేకు కాలువలో ఆకులు పేరుకునేవి. నిచ్చెన వేసుకుని, చేత్తో తోడి బకెట్లో పొయ్యాలి. వారం తిరక్కుండా మళ్లీ నిండేది. కట్టెల మోపు గోడ పక్క నుంచి జరపాలి. గుమ్మం ముందు కాళ్లు తుడుచుకునే పట్టా తీసెయ్యాలి. గడ్డి మడమ ఎత్తు దాటకుండా కోస్తూ ఉండాలి. గిన్నెలు తోమినట్టే, బట్టలు ఉతికినట్టే, చేస్తే ఎవరికీ కనిపించదు, చెయ్యకపోతే ఊరందరికీ కనిపిస్తుంది. ఒక ఏడాది నిచ్చెన జారి మణికట్టు విరిగింది. "చూసుకోవద్దూ గ్లెన్" అన్నాడు కెల్విన్, ప్రేమగానే. "చెప్పులతో నిచ్చెనెక్కుతారా ఎవరైనా" అంది అత్తగారు ఐవీ. మరుసటి వారం ఎడం చేత్తో ఆకులు తీసింది. ఆకులు కట్టు విప్పేదాకా ఆగవు కదా.

ఏటా వసంతంలో ఊరి హాల్లో కెల్విన్ ఉపన్యాసం ఉండేది, ఇంటిని వేసవికి ఎలా సిద్ధం చెయ్యాలో. తెర మీద వాళ్లిల్లే చూపించేవాడు. "మేం వారం వారం కాలువలు తీస్తాం. మేం గడ్డి పెరగనివ్వం" అనేవాడు. జనం చప్పట్లు కొట్టేవాళ్లు. హాలు వెనక స్కోన్ రొట్టెలకు జామ్ రాస్తూ గ్లెనిస్ వినేది. ఆ "మేం"లో నిచ్చెన ఎక్కేది ఒక్కరే. అయినా మొదట్లో ఆ మాట వింటే సంతోషంగానే ఉండేది. తనని కూడా కలుపుకున్నాడు కదా అనుకునేది. ఆ సంతోషం ఎప్పుడు పోయిందో గుర్తులేదు. ఒక ఏడాది జామ్ రాస్తుంటే లేదు, అంతే.

చెయ్యలేకపోయిన పని ఒక్కటే. ఇంటికి పడమట, గోడని ఆనుకుని, సైప్రస్ చెట్ల కంచె ఉండేది. పచ్చగా, నిగనిగలాడుతూ, గోడ కన్నా ఎత్తుగా. పైకి పచ్చదనం, లోపలంతా ఎండుపుల్లలు, నూనె. వాటిని కొట్టేద్దామని గ్లెనిస్ ఎన్నిసార్లు అడిగిందో. "అవి అమ్మ చెట్లు. అమ్మ బతికుండగా వాటి మీద గొడ్డలి పడదు" అనేవాడు కెల్విన్. ఆ మాటొచ్చినప్పుడల్లా ఐవీ ముందు గదిలో తన కుర్చీలో కదలకుండా కూర్చుని కిటికీలోంచి చెట్ల వైపు చూసేది. ఒక్క మాట మాట్లాడేది కాదు. ఆ మౌనం గ్లెనిస్‌కి గీత గీసినట్టు అనిపించేది. ఇది నా ఇల్లు, ఇవి నా చెట్లు, నువ్వు తర్వాతొచ్చినదానివి అన్నట్టు. అత్తగారి మందులూ స్నానాలూ గోళ్లు తియ్యడాలూ అన్నీ చూసుకుంటూనే, ఆ చెట్ల విషయంలో మాత్రం ఆమె మీద లోపల లోపల కోపం దాచుకుంది.

"గ్లెన్, కేకు ఉందా?" అన్నాడు కెల్విన్. ఆమె లేచి కేకు కోసింది.

*

ఆ రోజు పొద్దున్నే వాయవ్యం నుంచి గాలి మొదలైంది. పొయ్యి తలుపు తెరిస్తే ముఖానికి కొట్టే గాలి. బడి మూసేశారు. పెద్ద టీచరుగారు కారు ఎక్కబోతూ, "తల్లిదండ్రులకి ఫోన్లు గ్లెనిస్ చేస్తుంది కదా" అంది. చేసింది. అందరికీ చేసి, అందరినీ దిగువ ఊళ్లోకి వెళ్లమని చెప్పి, తను ఇంటికి, కొండ మీదికి వెళ్లింది.

కెల్విన్ పసుపు చొక్కా వేసుకుని బండి కోసం గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. "అమ్మ కారెక్కదు. తెలుసుగా ఆమె సంగతి" అన్నాడు. "పంపు ఉంది, నీళ్లున్నాయి, ఇల్లు సిద్ధంగా ఉంది. నీకన్నీ తెలుసు." నుదుటి మీద ముద్దు పెట్టి వెళ్లిపోయాడు. భయంతో ఆయన పెదాలు ఎండిపోయి ఉన్నాయి. అది ఆమెకు తెలిసింది. అందుకే ఏమీ అనలేదు.

లోపలికెళ్లేసరికి ఐవీ ముందు గదిలో టోపీ పెట్టుకుని, ఒళ్లో చేతిసంచీతో కూర్చుని ఉంది. పాపం, ఆదివారం అనుకుంటోంది, చర్చికి తయారైంది అనుకుంది గ్లెనిస్. ఎనభై అయిదు దాటిన మనిషి. "కాసేపు పడుకోండి" అని చెప్పి, బకెట్లలో నీళ్లు నింపడానికి వెళ్లింది. తువ్వాళ్లు తడిపి తలుపుల కింద కుక్కింది. ఇద్దరికీ ఉన్ని దుప్పట్లు తీసిపెట్టింది.

పట్టపగలే చీకటి పడింది. చీకట్లోంచి రవ్వలు రావడం మొదలైంది. మొదట ఒకటీ అరా, తర్వాత గుప్పెళ్లతో చల్లినట్టు. గ్లెనిస్ ఇంటి చుట్టూ తిరిగింది. పడ్డచోటల్లా తడిబట్టతో కొట్టింది, గొట్టంతో నీళ్లు కొట్టింది. ఎంతసేపో తెలియదు. కాలువలో ఆకు లేదు. గుమ్మంలో పట్టా లేదు. గోడ పక్కన కట్టె లేదు. ఇల్లు నిలబడింది. నిజంగా నిలబడింది. ఆ మాట తర్వాత ఆమె ఎవరికీ చెప్పలేదు. ఎవరికి చెప్పినా, నిలబడిన ఇల్లు ఇప్పుడేదీ అంటారు.

అప్పుడు సైప్రస్ కంచె అంటుకుంది. ఒకదాని తర్వాత ఒకటి కాదు, అన్నీ ఒక్కసారే. ఆ వేడికి పడమటి గది అద్దాలు పగిలి, పరదాలు అందుకున్నాయి. ఆమె గొట్టం ఎత్తితే నీళ్లు రాలేదు. ట్యాంకు నుంచి వచ్చే ప్లాస్టిక్ పైపు నేల మీదే కరిగిపోయింది. పైపుని పూడ్చిపెట్టాలని కెల్విన్ ఏటా చలికాలంలో అనేవాడు.

ఐవీని వీపున వేసుకుని, వెనక తలుపులోంచి దున్నిపెట్టిన బంగాళాదుంపల పొలంలోకి దిగింది. అక్కడ కాలడానికేమీ లేదు. ఇద్దరూ మట్టిలో పడుకుని మీద దుప్పటి కప్పుకున్నారు. దుప్పటి అంచు ఎత్తి చూస్తే ఇల్లు కాలుతోంది. కప్పు రేకులు వంకర్లు తిరుగుతూ అరుస్తున్నాయి.

"ఆ చెట్లు నాకెప్పుడూ ఇష్టం లేదమ్మాయ్" అంది ఐవీ.

గ్లెనిస్ సరిగా వినలేదనుకుంది. "మీ చెట్లు కదా అవి?"

"వాళ్ల నాన్న పెట్టాడు. గాలికి అడ్డమన్నాడు. నా వంటింట్లోకి ఎండ రాకుండా పోయింది. ఏటేటా కత్తిరించింది నేను, అందుకని నావైపోయాయి." దగ్గు వచ్చింది. చాలాసేపు దగ్గింది. "నువ్వు కొట్టేద్దామన్నప్పుడల్లా, ఈసారైనా కొడతారేమో అని చూసేదాన్ని."

"మరి చెప్పలేదేం?"

"ఎవరడిగారు?"

గ్లెనిస్ ఆమె నోటి మీద తడిబట్ట అదిమింది. ముసలామె దాన్ని పక్కకి లాగేసింది. ఇంకా ఏదో చెప్పాలనుంది.

"టోపీ పెట్టుకుని కూర్చున్నాను కదా పొద్దున. చూశావుగా."

"చూశాను. చర్చికనుకున్నా."

"వెళ్దాం రమ్మంటావనుకున్నాను."

"కెల్విన్ మీరు రానన్నారని చెప్పాడు."

"వాడితో నేనేం అనలేదు. వాడి నాన్న అనేవాడు, మనం కదిలే మనుషులం కాదని." ఐవీ కళ్లు మూసుకుంది. "నా చిన్నప్పుడు కార్చిచ్చు వస్తే మా అమ్మ కూడా ఇలాగే, మమ్మల్ని తీసుకెళ్లి వాగులో కూర్చోపెట్టింది. నాన్న కదలనన్నాడని."

గ్లెనిస్ ఆమె చెయ్యి పట్టుకుని పడుకుంది. ఇన్నేళ్లు ఒకే ఇంట్లో, ఒకే సింకు దగ్గర, ఒకే మనిషి మాట మీద ఇద్దరూ ఉండిపోయారు. ఒకరు ఇంకొకరి కోసం ఉండిపోయామనుకున్నారు. అడిగి ఉంటే, ఆ ముసలామె తన టోపీతో, తన సంచీతో కారెక్కేది.

సాయంత్రానికి కెల్విన్ వచ్చాడు. మసి పట్టిన ముఖంతో పొలంలోకి పరుగెత్తుకొచ్చి, మోకాళ్ల మీద పడి తల్లిని పొదివి పట్టుకున్నాడు. తర్వాత గ్లెనిస్ వైపు తిరిగాడు. "పంపు వేశావా?" అన్నాడు. కావాలని అడగలేదు. నోటికి మొదట వచ్చింది అది. దెబ్బ తిన్న మనిషి నోటికి ఏదొస్తుందో అదే వస్తుందని ఆమె తనకి తాను ఎన్నోసార్లు చెప్పుకుంది. నగరం ఆసుపత్రిలో, పొగ నిండిన ఊపిరితిత్తులతో ఐవీ కొన్ని రోజులు బతికింది. ఆ రోజుల్లో కూడా చెప్పుకుంది. ఎంత చెప్పుకున్నా ఆ మాట మెత్తబడలేదు.

*

"ఇంకొక్కటి" అన్నాడు కెల్విన్ కేకు తింటూ. "పడమటి పక్కన సైప్రస్ మొక్కలు మళ్లీ పెడదామనుకుంటున్నా. అమ్మ గుర్తుగా. ఆమె చెట్లు అవి."

టెస్ పెన్సిలు ఆపింది. "అవి ఇంటికి దగ్గరగా వద్దండీ. ఏ అధికారీ ఒప్పుకోడు కూడా."

"దూరంగానే పెడదాం. కాస్త దూరంగా. అమ్మకి ప్రాణం అవంటే."

"ఆమెకి ఇష్టం లేదు, కెల్" అంది గ్లెనిస్.

ఇద్దరూ ఆమె వైపు చూశారు.

"ఆ చెట్లు ఆమెకి ఎప్పుడూ ఇష్టం లేదు. పొలంలో పడుకున్నప్పుడు చెప్పింది. మీ నాన్న పెట్టాడు. ఆమె కత్తిరించింది. కారెక్కడానికి కూడా తయారుగా కూర్చుంది ఆ రోజు."

కెల్విన్ ముఖం ఎర్రబడి, పాలిపోయింది. "పొగ తలకెక్కితే మనిషి ఏమైనా మాట్లాడుతుంది గ్లెన్" అన్నాడు మెల్లగా. "ఆమెకి అప్పటికే మతి లేదు. ఇప్పుడెందుకవన్నీ, ఈ అమ్మాయి ముందు."

గ్లెనిస్‌కి ఏడుపు వస్తుందనిపించింది. తన కోసం కాదు, ఐవీ కోసం. బతికినన్నాళ్లూ ఎవరూ అడగలేదు. తీరా చెబితే, మతి లేదంటున్నారు. తడి కళ్లతో ఆమె భర్త చేతుల వైపు చూసింది. పెద్ద చేతులు. ఆ చేతులు ఎన్నో ఇళ్ల మంటలు ఆర్పాయి. ఊళ్లో ముసలివాళ్ల కట్టెలు కొట్టిచ్చాయి. చెడ్డ చేతులు కావు. తల్లి పోయిన రాత్రి ఆ చేతుల్లో ముఖం దాచుకుని, శబ్దం రాకుండా ఏడిస్తే తనే వీపు నిమిరింది. ఇప్పటికీ నిమరగలదు. ఆ మనిషి మీద ప్రేమ ఎక్కడికీ పోలేదు. అదే బాధ. పోయి ఉంటే ఈ పాటికి ఎప్పుడో లేచి వెళ్లేది.

టెస్ ఇబ్బందిగా గొంతు సవరించుకుని కాగితం తిప్పింది. "అసలు విషయం ఒకటి అడగాలి. దాన్ని బట్టే మిగతా ప్లాను. నిప్పుకి ఓర్చే ఇల్లు రెండు రకాలుగా కట్టొచ్చు. ఒకటి, మనిషి లోపల ఉండి కాపాడుకునే ఇల్లు. పంపు గది, బయట కుళాయిలు, మంట దాటేదాకా దాక్కోడానికో చోటు, దాటాక బయటికొచ్చి రవ్వలు ఆర్పుకోడానికి దారి. రెండోది తలుపులు మూసి వదిలేసి వెళ్లిపోయే ఇల్లు. దాని సంగతి అది చూసుకుంటుంది." ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "అలాంటి రోజున ఇంట్లో ఎవరుంటారు?"

"మేం ఉంటాం" అన్నాడు కెల్విన్. ఆలోచించలేదు. ఊరి హాల్లో అన్నట్టే అన్నాడు.

"మీరు బండి మీద ఉంటారు కదండీ?"

"అవుననుకో. గ్లెనిస్ ఉంటుంది. ఇప్పుడామెకి బాగా తెలిసింది కూడా. పైపు పూడ్చేస్తా ఈసారి. నువ్వు మొదటి రకమే గీయమ్మా."

టెస్ పెన్సిలు కాగితం మీద పెట్టింది గానీ గీయలేదు. గ్లెనిస్ వైపు చూసింది. "మీరేమంటారు?"

ఆ గదిలోకి వచ్చినప్పటి నుంచి, అసలు ఆ ఇంటి సంగతి మొదలైనప్పటి నుంచి, నువ్వేమంటావని ఆమెను ఎవరైనా అడగడం అదే మొదలు. గ్లెనిస్ చేతిలోని కప్పు బల్ల మీద పెట్టింది. ఈ జవాబు ఎక్కడో ముందే తయారై ఉందని అప్పుడు తెలిసింది. కిందటి వారం బడిలో వంట చేసే కోరల్ తన ఇంటి వెనక రెండు గదులు ఖాళీగా ఉన్నాయని మాటవరసకి అంటే, తను వెళ్లి చూసొచ్చింది. ఎందుకు చూస్తున్నానో అనుకోకుండానే కిటికీ తెరిచి చూసింది. పక్కన బేకరీ గోడ. చుట్టూ సిమెంటు. ఆకు రాలడానికి ఒక్క చెట్టు లేదు.

"నేను లేకపోయినా నిలబడే ఇల్లు గీయమ్మా" అంది.

కెల్విన్ తల ఊపాడు. "అదీ మంచి ఆలోచనే. బండి మీద నేను, ఊళ్లో పని మీద నువ్వు ఉంటే..." అని, మాట మధ్యలో ఆగాడు. ఆమె గొంతులో ఏదో విన్నాడు. ఇన్నేళ్ల కాపురం అంత మాత్రం నేర్పుతుంది. "నువ్వు లేకపోవడమేంటి?"

"కింద ఊళ్లో కోరల్ ఇంటి వెనక గదులున్నాయి. అక్కడుంటాను."

"ఈ ఇల్లయ్యేదాకానా?"

"కాదు."

"వేసవి పోయేదాకానా మరి?"

అవునంటే సరిపోయేది. ఆయన ఊపిరి పీల్చుకునేవాడు, టెస్ గీసుకునేది, తను ఇంకో కప్పు టీ పోసేది. ఆ అవును నోటి చివరిదాకా వచ్చింది కూడా. ఆమె దాన్ని మింగింది.

"అన్ని కాలాలకీ, కెల్" అంది.

టెస్ లేచి, ఏదో కొలవాలని చెప్పి, బూట్లు చేత్తో పట్టుకుని బయటికెళ్లిపోయింది. గదిలో ఇద్దరే మిగిలారు. ఆయనకి కోపం వస్తుందనుకుంది గ్లెనిస్. రాలేదు. ఆమె చెయ్యి పట్టుకోబోయి, మధ్యలోనే బల్ల మీద ఆపేశాడు. కొండ నెత్తిన ఒంటరిగా ఉండటం, గాలి మొదలవడం, చుట్టూ చీకటి పడటం, పిలిస్తే పలికేవాళ్లు ఎవరూ లేకపోవడం ఎలా ఉంటుందో మొదటిసారి ఊహించుకుంటున్న మనిషిలా, కిటికీ వైపు చూస్తూ అలాగే కూర్చుండిపోయాడు.